నోరు పైకి తిరిగిన కాగు

అమెరికా దక్షిణాదిన, జార్జియా రాష్ట్రంలో, పత్తి చేలు దాటి పైన్ చెట్ల తోపులోకి మలుపు తిరిగితే షైలో తోపు కాలేజీ కనబడుతుంది. నల్లజాతివారి పిల్లల కోసం వారి చర్చి సంఘమే నెలకొల్పిన చిన్న విద్యాలయమిది. సాహిత్యం, చరిత్ర, గణితం, సంగీతం చెబుతారు. విద్యార్థులు ఏడువందలకు మించరు. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు చూసి వచ్చినవారు ఇక్కడి నాలుగు ఎర్ర ఇటుకల భవనాలు చూసి ‘ఇంతేనా’ అనుకోవడం కద్దు. అటువంటివారు తొందరపడకుండా ప్రార్థనా మందిరం ముందుకు రావాలి. అక్కడ రాతి దిమ్మె మీద, ఆకాశానికి నోరు తెరిచి, ఒక నల్లని ఇనుప కాగు ఉంటుంది. బట్టలు ఉడకబెట్టే మామూలు కాగే. ఈ స్థలానికి మూలవిరాట్టు అదే.

పూర్వం ఇక్కడ కాలేజీ లేదు, చర్చి లేదు. తోపు చుట్టూ ఉన్న భూమి అంతా ఒక దొరది. ఆ భూమిని దున్నే మనుషులూ ఆ దొర సొత్తే. బానిసలకు అక్షరం నేర్పడం నేరం. తమంతట తాము కూడి ప్రార్థించుకోవడాన్నీ దొర సహించేవాడు కాదు. అయినా ఆదివారం మధ్యాహ్నాలు వారు ఈ తోపులో చేరి, గుసగుసగా ప్రార్థన చేసుకొని, ఇసుకలో పుల్లతో అక్షరాలు దిద్దుకొనేవారు. నడుమ ఒక ఇనుప కాగును నేల మీద బోర్లించేవారు. బోర్లించిన కాగు మాటలను మింగేస్తుందనీ, దొర చెవిన పడనివ్వదనీ వారి గట్టి నమ్మకం.

ఆ కాగును తెచ్చే బాధ్యత దొర ఇంటి బట్టలు ఉతికే కెజీయాది. ఒక ఆదివారం ఆమె దానిని తేవడం మరిచింది. ఆ రోజే దొర పెట్టిన మేస్త్రీ వచ్చి పడ్డాడు. చేతిలో పుల్లతో దొరికిపోయినవాడు ఆమె కొడుకు సైలస్, పద్దెనిమిదేళ్ళవాడు. వారం తిరగకుండా అతణ్ణి ఎక్కడికో అమ్మేశారు. పట్టింది మేస్త్రీ, అమ్మింది దొర; అయినా ఆ తల్లి తప్పంతా తనదే అనుకొంది. కాగు ఉంటే కొడుకు దక్కేవాడని నమ్మింది. ఆ తరువాత ఆమె ఏ కూడికకూ కాగును మరవలేదు. కొడుకు పేరు మాత్రం పైకి పలకలేదు.

బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన యుద్ధం ముగిసింది, సంకెళ్ళు తెగాయి. ఆరేళ్ళకు చర్చి సంఘం ఆంబ్రోజ్ వెల్డన్ అనే నల్లజాతి పాదిరిని ఈ తోపుకు పంపింది. ఆయన ఉత్తరాదిన స్వేచ్ఛగా పుట్టి పెరిగినవాడు. చెక్కల పాక వేసి బడి పెట్టాడు. మొదటి రోజే కెజీయా వచ్చి గుమ్మం దగ్గర కాగు బోర్లించింది. అది కనబడగానే ముప్పైమంది విద్యార్థులూ అలవాటు చొప్పున గొంతు తగ్గించారు. పాదిరి గట్టిగా చదవమంటే పెదవులు మాత్రం కదిపేవారు.

“ఇప్పుడింకా ఎవరికి భయపడాలమ్మా? ఆ కాగు తీసెయ్యి,” అన్నాడు పాదిరి.

“నువ్వు కాగు లేకుండా పెరిగావు నాయనా. నేను ఒక్కరోజు లేకుండా ఉండి చూశాను,” అంది కెజీయా.

కాగు గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

రెండేళ్ళ తరువాత, ఈ బడిని కాలేజీ చెయ్యాలా, లేక మూసేసి వేరే ఊళ్ళో పెట్టాలా అని తేల్చడానికి సంఘం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు వినికిడి కాస్త మందం. సైలస్‌ను అమ్మేసేనాటికి చంకబిడ్డగా ఉన్న కెజీయా కూతురు రోడా లేచి బైబిల్లోని ఒక కీర్తనను గుసగుసగానే చదివింది. పెద్దాయన చెవికి చెయ్యి ఆనించి ముందుకు వంగాడు, ఇంకా వంగాడు, చివరికి టోపీ అందుకొన్నాడు.

“పాపం, వీళ్ళకు చదువు అబ్బలేదు. ఇంకో ఊరు చూద్దాం,” అన్నాడు.

రోడా కళ్ళనిండా నీళ్ళతో, గుమ్మంలో కాగు పక్కన ఉన్న తల్లి వైపు చూసింది.

ఆ క్షణాన కెజీయాకు దేవదూత కనబడి ఆనతిచ్చాడని కొందరు చెబుతారు. ‘దూతా లేదు, గీతా లేదు, అమ్మ నా ముఖం చూసింది, అంతే’ అని రోడా ముసలితనంలో రాసి పెట్టింది. మనకు రోడా మాటే చాలు. కాగు లేక ఒక బిడ్డ పోయాడనుకొన్న ఆ తల్లికి, ఇప్పుడు కాగు ఉండడం వల్లనే ఇంకో బిడ్డ చదువు పోతోందని తెలిసివచ్చింది. కాగును పట్టి నోరు పైకి తిప్పింది. పందొమ్మిదేళ్ళుగా పలకని పేరును తోపంతా మారుమోగేలా పిలిచింది.

“సైలస్! ఒరే సైలస్! నీ చెల్లెలు చదువుతోందిరా, విను!”

రోడా గొంతు విప్పింది. ఆమె వెనుక ముప్పైమందీ అందుకొన్నారు. పెద్దాయన చెవి మీది చెయ్యి తీసేశాడు.

కాలేజీ ఇక్కడే నిలిచింది. సైలస్ తిరిగి రాలేదు. కెజీయా బతికినన్నాళ్ళూ, తరగతులు మొదలయ్యే రోజున కాగు పక్కన నిలబడి, బాట వైపు చూస్తూ కొడుకును పిలిచేది.

ఇప్పటికీ ఆగస్టులో కాలేజీ తెరిచే రోజున కొత్త విద్యార్థులు ఒక్కొక్కరే కాగు దగ్గర నిలబడి, బాట మీద పోయేవారికి వినబడేలా తమ పేరు చెబుతారు. బిడియపడేవారిని ఎవరూ తొందరపెట్టరు. ఎండ కాసినా వాన కురిసినా, ఆ గొంతు పెగిలేదాకా అందరూ నిలబడే ఉంటారు. ఇక్కడ ఒకసారి పేరు చెప్పుకొన్నవారికి ఆపైన ఏ సభలోనూ, ఏ కోర్టులోనూ, ఏ అధికారి ముందూ మాట తడబడదని నమ్మకం. నత్తి కూడా పోతుందని కొందరంటారు గాని, అందుకు కాలేజీవారు పూచీ పడరు.

అందరి పేర్లూ అయ్యాక ప్రిన్సిపాల్ హాజరు పట్టీ తెరుస్తారు. అందులో ఏటా మొదట రాసే పేరు ఒక్కటే. “సైలస్,” అని పిలుస్తారు. అందరూ బాట వైపు చూస్తారు. అప్పుడు కొత్తగా చేరినవారందరూ కెజీయాకు వినబడేలా గొంతెత్తి, “వచ్చామమ్మా,” అంటారు.