లోయకు అవతల దుప్పి

సర్వారాయుడుగారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాడు ఆయన వెనక నడవాలి. వేటకు ప్రభుత్వమే లైసెన్సులిచ్చే రోజుల్లో, మన్యం అంచున ఉన్న ఒక ఎస్టేటులో ఆయన వేట నేర్పేవారు. ఆయన దగ్గర ఆఖరున చేరిన శిష్యుడు కోదండపాణి. అతని గురి గట్టిది. అందువల్లే కాబోలు, దగ్గరి వేట మీదికి మనసు పోయేది కాదు.

ఒక ఉదయం పాణి రెండు రకాల తూటాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఒకటి సన్నంగా, తేలికగా ఉంది. బహు వేగంగా పోతుందిగాని గాలికి పక్కకి జరుగుతుంది. రెండోది బరువైనది, దూరం పోయేకొద్దీ కిందికి వాలుతుంది, కాని తగిలిన చోట గట్టిగా తగులుతుంది. లోయకు అవతల మేసే దుప్పిని ఇవతలినుంచి కొట్టాలంటే వీటిలో ఏది వాడాలని అడిగాడు.

సర్వారాయుడుగారు చెప్పులు తొడుక్కున్నారు.

లోయ అంచుకు చేరేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. అవతలి వాలులో కొమ్ముల దుప్పి ఒకటి ఒంటరిగా మేస్తోంది. ఏ తూటా పెట్టుకుంటావో నీ ఇష్టమన్నారు గురువు. పేల్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పాణి తేలికదాన్ని ఎంచుకుని, గాలి చూసుకుని, తుపాకిని బండ మీద ఆనించి పేల్చాడు. దుప్పి వీపు వంచి ఎగిరి పొదల్లోకి పోయింది. తగిలిందన్నాడు పాణి సంతోషంగా. అయితే పద, తెచ్చుకుందామన్నారు ఆయన.

లోయలోకి దారి లేదు. ముళ్ళకంపలు తప్పించుకుంటూ దిగారు, వాగు దాటారు, మళ్ళీ ఎక్కారు. తీరా చేరాక, దుప్పి నిలబడ్డ చోటేదో పాణికి ఆనవాలు చిక్కలేదు. ఇవతలినుంచి ఒకే బండగా కనిపించినది, దగ్గరికొచ్చి చూస్తే ఎన్నో బండలు. వెతగ్గా వెతగ్గా గడ్డి మీద నల్లటి నెత్తురు, అందులో నమిలిన పచ్చిక కనిపించాయి. తూటా పొట్టలో తగిలింది. ఆ చుక్కల వెంట మధ్యాహ్నమంతా నడిచారు. అది చాలా చోట్ల పడుకుని లేచింది. పడుకున్న ప్రతిచోటా గడ్డి నలిగి, తడిసి ఉంది.

పొద్దు వాలుతుండగా కనబడింది. వాగు పక్క ఇసుకలో, నీళ్ళకు ఇంకా కాస్త ఎడంగా పడి ఉంది. వీళ్ళని చూసి ముందుకాళ్ళ మీద లేవబోయింది. వెనకభాగం లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించి, ఊరుకుని, వీళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది. పాణి దగ్గరికి వెళ్ళాడు. తుపాకి గొట్టం దాని మెడకు దాదాపు ఆనించి పేల్చవలసి వచ్చింది.

తరవాత అతను ఇసుకలో కూలబడి, బరువైన తూటా అయితే అక్కడికక్కడే పడిపోయేది కదా గురువుగారూ అన్నాడు. అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది.

సర్వారాయుడుగారు వంగి, దుప్పి మూతికి అంటిన ఇసుకను తన తువ్వాలుతో తుడిచారు.

"తూటా లోయ దాటి రెప్పపాటులో వచ్చింది పాణీ," అన్నారు. "మనం వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ మధ్యంతా ఇది ఒంటరిగా బాధపడింది."