వెలుగులమ్మ గుడికి గుల్ల కిటికీ వచ్చిన కథ

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, చుట్టూ బురదనేల పరచుకున్న ఇసుక దిబ్బ మీద వెలుగులమ్మ తల్లి కొలువై ఉంది. ఈ దిబ్బ పేరు అద్దాలతిప్ప. గుడి చాలా చిన్నది. పది మంది లోపల ఉంటే పదకొండో మనిషి గుమ్మం బయట ఆగవలసిందే. సముద్రం వైపున్న కిటికీకి గాజు లేదు. అరచేయంత గుల్లచిప్పలను చేప పొలుసుల్లా ఒకదాని అంచు మీద ఒకటి అమర్చారు. ఈ జాతి గుల్ల రాతిని పట్టుకుని బతికేది కాదు. ఒడ్డుకు దగ్గరలో, లోతు తక్కువ నీటిలో, మెత్తని బురద మీద పక్కవాటుగా పడుకుని ఉంటుంది. పళ్లెంలా గుండ్రంగా, అప్పడంలా పలుచగా ఉంటుంది. చిప్ప లోపల, కీలు దగ్గర, రెండు సన్నని గట్లు ఎడంగా విడిపోయి కనిపిస్తాయి. అవి అమ్మవారి పాదాలని భక్తులు కళ్లకద్దుకుంటారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఇరవై గడపల పల్లె, దిబ్బ కొసన ఒక మట్టి గూడు, అందులో అమ్మవారి రాయి ఉండేవి. ఆ పల్లెలో ఎల్లయ్యమ్మ అనే పెద్దావిడ తన కోడలు నూకాలుతో కాపురముండేది. కొడుకు సరుకు ఓడ మీద దూరదేశం వెళ్లాడు. నూకాలుకు అప్పుడు ఐదో నెల. అయినా పోటు తగ్గగానే తోటి ఆడవాళ్లతో కలిసి బురదలోకి దిగి, పాదాలతో తడుముతూ గుల్ల ఏరుకొచ్చేది. కోడలికి ముల్లు గుచ్చుకుంటే అత్తకు కన్ను చెమర్చేది. వాళ్ల పొత్తు అలాంటిది.

సంధ్యవేళ మంచు కమ్మితే ఆ బురదలో ఏ దిక్కు ఒడ్డో తెలియదు. అందుకని ఎల్లయ్యమ్మ పొద్దు వాలగానే అమ్మవారి గూటిలో దీపం పెట్టేది. దాన్ని చూసుకుని ఆడవాళ్లు ఇళ్లకు చేరేవారు. ఆ ఏడు కార్తీకంలో ఈశాన్యపు గాలి పట్టింది. ఒక సాయంత్రం దీపం ఆరిపోయింది. ఎల్లయ్యమ్మ మళ్లీ వెలిగించి, అరచేతులు అడ్డుపెట్టి, చేతులు బొబ్బలెక్కినా తీయలేదు. అయినా గాలి ఊరుకోలేదు. దారి తప్పిన ఆడవాళ్లు బురద మధ్య కాలువ లోతులో మెడదాకా మునిగి, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని చావు తప్పి బయటపడ్డారు.

మర్నాడు కులపెద్ద పోలయ్య అందరినీ పిలిచి, "ఇక ఆడవాళ్లెవరూ బురదలోకి దిగవద్దు" అన్నాడు.

"దిగకపోతే తినేదేమిటి మావా?" అని నూకాలు నెమ్మదిగా అడిగింది.

ఆ మధ్యాహ్నం ఎల్లయ్యమ్మ గూటి ముందు కూర్చుని, "తల్లీ, నా చేతులు చాలడం లేదు" అని మొరపెట్టుకుంటూ కునుకు తీసింది. మోకాళ్లదాకా బురద అంటిన ఒక ఆడమనిషి కలలో కనిపించి, "చేతులెందుకు కాల్చుకుంటావే పిచ్చిదానా. నా బిడ్డలు కట్టుకున్న ఇల్లు చూడలేదా? అందులోకి గాలి దూరదు, వెలుతురు దూరుతుంది" అంది.

ఎల్లయ్యమ్మ ఉలిక్కిపడి లేచి, పక్కనున్న ఖాళీ చిప్పను తీసి సూర్యుడికెదురుగా పట్టుకుంది. అవతల పెట్టిన తన వేళ్ల నీడ చిప్పలో కనిపించింది. వెంటనే కోడలిని పిలిచింది. ఇద్దరూ తాటి బద్దలతో చట్రం కట్టి, చిప్పలు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తి గూటికి బిగించారు.

"ఇలా మూసేస్తే దీపమేం కనిపిస్తుంది?" అని పోలయ్య పెదవి విరిచాడు.

రెండు రోజులకు ఆకలికి ఆగలేక ఆడవాళ్లు మళ్లీ దిగారు. వాళ్లు తిరిగి వచ్చే వేళకు గాలి రేగి, మంచు దిగింది. పోలయ్య నీటి అంచున నిలబడి పేర్లు పెట్టి కేకలు వేస్తున్నాడు. గూటిలో దీపం మాత్రం రెపరెపలాడలేదు. చిప్పల మీద పరుచుకుని, మబ్బు చాటు చందమామలా తెల్లగా, వెడల్పుగా వెలిగింది. కాసేపటికి మంచులోంచి, "అత్తా, ఇటే కదా?" అని నూకాలు గొంతు వినిపించింది. ఎల్లయ్యమ్మ మోకాలిలోతు నీళ్లలోకి వెళ్లి కోడలి చెయ్యి పట్టుకుంది. వెనకాలే తక్కినవాళ్లూ వచ్చారు. పోలయ్య ఒక్కొక్కరినీ తల నిమిరి లెక్కపెట్టుకుని, గూటి ముందు సాగిలపడ్డాడు. గుడికి మొదటి రాయి ఆయనే మోశాడు.

నేటికీ ఏటా కార్తీకంలో కిటికీలో పగిలిన చిప్పలు తీసి కొత్తవి అమరుస్తారు. ప్రాణమున్న గుల్లను ఇందుకు వాడరు. అలలు ఒడ్డుకు తెచ్చినవే ఏరుతారు. ఒక్కో చిప్పను ఒక అత్తా కోడలూ కలిసి పెట్టాలన్నది ఆచారం. అలా పెట్టినవారి ఇంట సుఖప్రసవాలు జరుగుతాయనీ, దూరం వెళ్లినవారు క్షేమంగా చేరతారనీ నమ్మిక. ఏళ్ల తరబడి మాటల్లేని అత్తాకోడళ్లు కూడా వస్తుంటారు. ఒకరు చిప్ప పట్టుకోవాలి, ఒకరు మట్టి మెత్తాలి. "కాస్త పైకి" అని ఎవరో ఒకరు అనక తప్పదు.