గుంట పూడింది, గుర్తు మిగిలింది

ఎండాకాలం వచ్చిందంటే ఆ కొండ అడవిలో నీళ్ళ బాధ్యత ఎలుగుబంటి బంగారయ్యది. వాగు ఇసుకలో గుంట తవ్వుతాడు. ఊట ఎండితే దాన్ని పూడ్చేసి ఇంకోచోట తవ్వుతాడు. దారి చూపడం మాత్రం కోతుల పని. మలుపుల్లో చెట్ల బెరడు గీరి, గుంట ఎటుందో గుర్తు పెడతాయి. ఆ గుర్తులను నమ్ముకునే జంతువులన్నీ నీళ్ళకు వెళ్ళేవి.

ఆ ఏడాది ఒక్క వారంలోనే నాలుగు కుందేళ్ళు నీళ్ళకని వెళ్ళి తిరిగి రాలేదు. నాలుగోది గౌరమ్మ, ముళ్ళపంది పోలమ్మకు పక్క బొరియ నేస్తం. పోలమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. గౌరమ్మ అడుగుజాడలు పట్టుకుని వెళ్తే, అవి ఒక గుర్తు దగ్గర మలుపు తిరిగి, ఎప్పుడో పూడ్చేసిన గుంట దగ్గర ఆగిపోయాయి. పక్కనే నక్క కాలి ముద్రలు కనిపించాయి.

తిన్నగా బంగారయ్య దగ్గరికి వెళ్ళింది. “గుంట పూడ్చావు సరే, గుర్తెందుకు చెరపలేదయ్యా?”

“నేను తవ్వింది నేను పూడ్చానమ్మా. గీసింది కోతులు. వాళ్ళ గీతల జోలి నాకెందుకు?”

కోతుల నడిగితే, “గీయమన్నారు, గీశాం. చెరపమని ఎవరు చెప్పారు?” అన్నాయి.

“ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెరుపుతాను,” అంది పోలమ్మ.

ఈ మాట నక్క జోగారావు చెవిన పడింది. ఊరికే దొరుకుతున్న కూడు పోతుందని వాడికి గుబులు పట్టుకుంది. మర్నాడే ఎదురొచ్చాడు.

“ఈ ఎండలో నీకీ శ్రమెందుకత్తా? అన్నీ ఒక్కసారే గీకి పారెయ్, పీడా పోతుంది.”

“నీళ్ళున్నవాటి గుర్తులు కూడా పోతే, అందరూ దారి కోసం నీ వెనక నడవాలి. అంతేగా అల్లుడూ? ప్రతి గుర్తుకూ చివరిదాకా నడుస్తాను. నీళ్ళుంటే ఉంచుతాను, లేకపోతే చెరుపుతాను.”

మూడు రోజులు నడిచింది. కాళ్ళు బొబ్బలెక్కాయి, అయినా ఆగలేదు. పదకొండు గుర్తులు చెరిపేసింది. ఇంక చూడాల్సింది గౌరమ్మ నమ్మిన గుర్తు ఒక్కటే.

దీన్ని ఇక్కడే ముగించాలనుకున్నాడు జోగారావు. పాత గుంటను మళ్ళీ తవ్వి, మీద ఆకులు కప్పుకుని లోపల కూర్చున్నాడు. పోలమ్మ తల వంచి చూస్తే చాలు, మూతి దొరకబుచ్చుకోవచ్చని నోరు తెరుచుకుని కాచుకున్నాడు.

గుంట కొత్తగా కనబడేసరికి పోలమ్మ ఆగింది. చూడకుండా వెనక్కి పోదామని ఆమెకు తోచనే లేదు. కానీ తెలియని గుంటలో ముళ్ళపంది మూతి పెట్టదు. అటు తిరిగి, ముళ్ళన్నీ విప్పుకుని, తోక వైపు నుంచి దిగుతుంది. పోలమ్మా అలాగే దిగింది. ఎంతసేపూ కుందేళ్ళ మీదే ధ్యాస పెట్టినవాడికి ఆ సంగతి తెలియలేదు.

అడవంతా వినబడేలా అరిచి, నోటి నిండా ముళ్ళతో జోగారావు కొండ దాటి పారిపోయాడు.

“నీళ్ళు లేవు,” అనుకుంటూ పైకొచ్చిన పోలమ్మ, చెట్టు దగ్గరికి వెళ్ళి ఆ గుర్తూ చెరిపేసింది. అరుపు విని వచ్చిన బంగారయ్య తల వంచుకుని గుంట పూడ్చాడు.

నీతి: ఉన్నదాన్ని తీసేసేవాడు దానికి దారి చూపే గుర్తును కూడా తీసెయ్యాలి, లేదంటే ఆ ఖాళీలో మాటు వేసేది శత్రువే.