నక్క తెరిస్తేనే తెరుచుకునే ఫోల్డర్లు

పెద్దేరు కొండల్లోంచి దూకి అడవిని చుట్టి పారే దారి పొడుగునా జంతువుల ఆఫీసు ఒకటి ఉండేది. ఆఫీసంటే ఒక్క చోట కాదు. కొండ మీద వెంకాయమ్మ అనే కొంగకో గది, మలుపు దగ్గర నీటికుక్కకో గది, పుట్టల పక్కన చీమలకో గది, చిట్టచివర గడ్డిలంకకు ఎదురుగా మైలన్న అనే ఎద్దుకో గది. గదికో కంప్యూటరు, అన్నిటినీ కలుపుతూ తీగలు. అడవికి కంప్యూటర్లు ఎలా వచ్చాయని నన్నడక్కండి. మాట్లాడే నక్కని నమ్మేవాళ్ళు ఈ మాత్రం నమ్మలేరా? ఏరు పొంగే సంగతి ముందే కనిపెట్టి, లంకలో మేసే దూడల్ని గట్టు మీదికి చేర్చడం ఆ ఆఫీసు పని.

మైలన్నకి ఆ కంప్యూటరంటే మహా అబ్బురం. కొండ మీద వెంకాయమ్మ ముక్కుతో కొట్టిన అంకె వాన తగలకుండా, బురద అంటకుండా తీగ వెంట పరుగెత్తి తన ముందుకు రాగలదంటే, తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరించేది. అందుకే పొద్దున్నే తెరకి ఒక దండం పెట్టుకుని మరీ పనిలో కూర్చునేవాడు. పక్క గదుల వాళ్ళు నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

అయితే రాగలదు గానీ, రానివ్వాలి కదా. ఎవరి సంగతులు వాళ్ళు తమ ఫోల్డరులో రాసుకుంటారు. దాన్ని షేర్ చేస్తేనే మిగతావాళ్ళకి కనపడుతుంది. ఆ షేర్ చేసే హక్కు మాత్రం అడ్మినిస్ట్రేటరు గారిది. ఆయన పేరు పాపారావు, జాతికి నక్క. పొద్దు గూకగానే షేర్లన్నీ మూసుకుపోవాలని, మర్నాడు ఎవరికి వాళ్ళు వచ్చి మళ్ళీ అడగాలని ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. భద్రత కోసమన్నాడు. అడగడానికి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రాకూడదన్నది ఎవరూ రాయని పద్ధతి. కొంగ చేపతో వచ్చేది, నీటికుక్క పీతతో వచ్చేది, చీమలు బెల్లం పలుకు మోసుకొచ్చేవి.

ఆ ఏడు తొలివానకే ఏరు లేచింది. వెంకాయమ్మ చూసింది, రాసింది. ఫోల్డరు మూసే ఉంది. పాపారావు గారు పీతల వేటకెళ్ళారు. చేసేది లేక ఆ ముసలి కొంగ కుండపోతలో రెక్కలు తడుపుకుంటూ ఎగిరొచ్చి మైలన్న ముందు పడింది. అప్పటికే లంకలో దూడల పొట్టల దాకా నీళ్ళు! మైలన్న ఏట్లోకి దూకి, దూడల్ని గట్టుకి తోలి, కొట్టుకుపోతున్న ఒక బుల్లి దూడని తుమ్మకొమ్మ దగ్గర కొమ్ములతో అడ్డుకుని ఈడ్చుకొచ్చాడు. గట్టెక్కాక కూడా ఆ దూడ వణుకు ఆగలేదు. దాన్ని చూస్తుంటే మైలన్నకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇది తొలివానే, అసలు వరద ముందుంది.

తిన్నగా ఆఫీసు పెద్ద భద్రమ్మ దగ్గరికెళ్ళాడు. భద్రమ్మ ఏనుగు. కోపం తక్కువ, భయం ఎక్కువ.

"అమ్మగారూ, ఎవరి ఫోల్డరు వాళ్ళే షేర్ చేసుకునేలా ఏర్పాటు చేయించండమ్మా. దూడలు పోతాయి," అన్నాడు.

పాపారావు పక్కనే ఉన్నాడు. చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"భలేవాడివయ్యా మైలన్నా! షేర్ చెయ్యాలంటే అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు ఇచ్చెయ్యాలి. అది చేతిలో ఉంటే ఎవరి గదిలోనైనా దూరి ఏదైనా చెరిపెయ్యొచ్చు. పోయినేడు కోతికిస్తే ఏమైంది? అమ్మగారు మర్చిపోలేదనుకుంటా!"

భద్రమ్మ మర్చిపోలేదు. కోతి ఆ ఒక్క పూటలో అందరి రాతలూ కలగాపులగం చేసి, నీటికుక్క గదిలో చీమల గుడ్ల లెక్కలు పెట్టి, ఏటి లెక్కలు ఎగరేసింది. ఆ మాట వింటేనే ఆవిడ తొండం ముడుచుకుపోతుంది.

"అంత పెద్ద హక్కు వద్దండీ. చిన్నదేదైనా ఉండదా?" అన్నాడు మైలన్న.

"ఉండదయ్యా. ఇస్తే అంతా ఇవ్వాలి, లేకపోతే లేదు. అన్నీ నా చేతుల మీదుగా జరిగితేనే క్షేమం," అన్నాడు పాపారావు.

"పాపారావు చెప్పినట్టే కానీ నాయనా," అంది భద్రమ్మ.

మైలన్న అక్కణ్ణించి కదిలాడు. బయటికొచ్చి అందర్నీ కూర్చోబెట్టాడు. నెమరేస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"అన్నీ ఆయన చేతుల మీదుగానే జరగాలంటగా. జరగనిద్దాం," అన్నాడు చివరికి.

"అంటే?" అంది వెంకాయమ్మ.

"మనం ఇన్నాళ్ళూ ఆయనకి విసుగొస్తుందని సగం సంగతులు అడక్కుండా ఊరుకుంటున్నాం. ఇకమీదట ఊరుకోవద్దు. పొద్దుటి నీటి మట్టానికో ఫోల్డరు, మధ్యాహ్నం మట్టానికో ఫోల్డరు. గాలికొకటి, మబ్బుకొకటి. అన్నీ షేర్ చెయ్యమందాం. గుంపుగా పోవద్దు, ఒకరి వెనక ఒకరు మర్యాదగా పోదాం."

వెంకాయమ్మ రెక్క అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓరి నీ అసాధ్యం కూలా! పైకి ఎంత నెమ్మదిగా కనపడతావురా!"

మర్నాడు తెల్లారకముందే పాపారావు గది ముందు వరస కట్టారు. మొదట్లో ఆయనకి నోట్లో నీళ్ళూరాయి. చేపలే చేపలు! కానీ తినే తీరికేదీ? కొంగ వెళ్తే నీటికుక్క, నీటికుక్క వెళ్తే చీమలు. చీమలు ఒక్కొక్కటే లోపలికొస్తాయి.

"అయ్యగారూ, ఉత్తరం పుట్టలో గుడ్లు పైకి మోస్తున్నామండి. కాస్త షేర్ చెయ్యండి."

"ఇందాకే చేశానుగా!"

"అది దక్షిణం పుట్టదండి."

పీత చేతిలోకి తీసుకుంటే తలుపు చప్పుడు. కునుకు పడితే తలుపు చప్పుడు. చేపలు కుళ్ళి గదంతా కంపు. వేటకి బయల్దేరబోతే గుమ్మంలోనే నీటికుక్క చేతులు జోడించి, "తమరు లేకపోతే ఎలాగండి, క్షేమం కాదు కదండీ," అంది. చివరికి పాపారావు కళ్ళు లోపలికి పోయి, తోక బొచ్చు రాలి, తూలుకుంటూ భద్రమ్మ ముందుకొచ్చి పడ్డాడు. వరసలో ఉన్నవాళ్ళంతా పద్ధతిగా వెనకాలే వచ్చారు.

"అమ్మగారూ, నా వల్ల కాదు! వాళ్ళ ఫోల్డర్లు వాళ్ళనే షేర్ చేసుకోమనండి!"

"అమ్మో, కోతి?" అంది భద్రమ్మ.

"కోతి కాదమ్మా! పాస్‌వర్డు ఇవ్వక్కర్లేదు. ఎవరి ఫోల్డరు వాళ్ళు తెరిచి చూపించుకునే అనుమతి వేరే ఉంది. పక్కవాళ్ళు చదవగలరు, చెయ్యి పెట్టలేరు. నేనొక్క మీట నొక్కితే చాలు!"

అనేశాక గానీ తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

భద్రమ్మ నెమ్మదిగా ఒక అడుగు ముందుకేసింది. "మరి లేదన్నావే పాపారావ్?"

నక్క తోక కాళ్ళ సందులోకి పోయింది. అక్కడే, అందరూ చూస్తుండగా, ఆ మీట నొక్కాడు.

అసలు వరద ఆషాఢంలో వచ్చింది. ఆ పొద్దున మైలన్న తెర ముందు కూర్చున్నాడు. వెంకాయమ్మ ఫోల్డరు తనంతట తనే తెరుచుకుంది. కొండ మీద నీరు ఎర్రబడింది. దాని వెనకే నీటికుక్కది, మలుపు దగ్గర సుడి లేస్తోంది. చీమలవి, అన్ని పుట్టల్లోనూ గుడ్లు పైకి పోతున్నాయి. ఓ మూల గదిలో ఉంటూ ఎన్నడూ నోరు విప్పని ఏదుపంది కూడా తన బొరియలో చెమ్మ ఎక్కుతోందని రాసింది. ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే మైలన్న ఊపిరి బిగబట్టాడు. తను పుట్టినప్పటినుంచీ నీళ్ళు తాగుతున్న ఏరే అది. అయినా కొండ నుంచి లంక దాకా మొత్తం ఏటిని ఒక్కసారిగా ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. ఎవరికి తెలిసిన చిన్న ముక్క వాళ్ళు తెచ్చిపెడితే ఇంత పెద్దది అయిందా అని, ఆ ఎద్దు తెర ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

వెంటనే లేచి రంకె వేశాడు. నీరింకా మలుపు తిరగకముందే దూడలన్నీ గట్టెక్కాయి. కొంతసేపటికి ఏరు వచ్చింది. గడ్డిలంక గడ్డి, తుమ్మలు, దారి, అన్నీ వాళ్ళ కళ్ళముందే మాయమయ్యాయి. దూడలు తల్లుల్ని ఆనుకుని ఆ నీటినే చూస్తూ నిలబడ్డాయి. భద్రమ్మ తొండమెత్తి ఏటికి నమస్కరించింది. మైలన్న ఒక్కో దూడనీ మూతితో తాకి చూసుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు.

వరద తీశాక మైలన్న పాపారావు గదికెళ్ళాడు. ఎన్నాళ్ళనుంచో తలుపు చప్పుడు లేని పాపారావు ఒక్క ఉదుటున లేచాడు.

"రా రా మైలన్నా! ఏ ఫోల్డరు తెరవాలి?"

"ఏం అక్కర్లేదండీ, అందరివీ తెరిచే ఉన్నాయి. మీది ఒక్కటే కనపడలేదు. ఇంతకాలం ఏటి ఒడ్డునే ఉన్నారు, మీకు తెలిసింది కూడా చూపిస్తే నేర్చుకుందామని వచ్చానండి."

అందులో వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగాడు. పాపారావు ఠీవిగా కూర్చుని తన ఫోల్డరు తెరిచాడు. కిందికి జరిపాడు, పైకి జరిపాడు. అందులో ఒక్క అక్షరం ముక్క లేదు.

"తర్వాత రా," అన్నాడు, తెరని తోకతో కప్పుకుంటూ.

నీతి: పక్కవాళ్ళ తలుపుల దగ్గర కాపలాయే తన గొప్ప అనుకున్నవాడికి, అన్ని తలుపులూ తెరుచుకున్న రోజున చూపించుకోవడానికి ఏమీ మిగలదు.