కొత్వాలుగారి పిల్లి

ఎండుచేపలమ్మే నాంచారమ్మ, తోటి ఆడవాళ్ళతో కలిసి కోట వీధుల్లోని దిక్కులేని పిల్లులకు తిండి పెట్టేది. వాటిని బుట్టల్లో పట్టి, పసుల వైద్యుడి చేత పిల్లలు పుట్టకుండా చేయించి, గుర్తుగా చెవి కొస కత్తిరించేది.

"దీని తిండి వల్లే ఊరంతా పిల్లులు! దీన్ని వెళ్ళగొట్టాలి ప్రభూ!" అని కొత్వాలు నాంచారమ్మను చూపిస్తూ రాజుగారి ముందు రంకెలు వేశాడు.

"వెతికించండి మహారాజా. పిల్లికూనలు ఎవరింట్లో దొరికితే వాళ్ళే ఊరొదలాలి" అంది నాంచారమ్మ.

కొత్వాలు సంబరంగా ఒప్పుకున్నాడు.

భటులు ఊరంతా గాలించారు. ఎక్కడ చూసినా చెవి తెగిన పిల్లులే. నాలుగు కూనలు మాత్రం కొత్వాలు పట్టుపరుపు మీద దొరికాయి. వాటి తల్లి కొత్వాలు పెంపుడు పిల్లి. నాంచారమ్మను ఆయన ముట్టనివ్వని పిల్లి అదొక్కటే మరి!

"ఊరొదులుతావా, నాంచారమ్మ చేపల బుట్ట మోస్తావా?" అన్నాడు రాజు.

కొత్వాలు తల దించుకుని బుట్ట కోసం చేతులు చాచాడు. నాంచారమ్మ ఖాళీ బుట్ట అందించింది.

"చేపలు తర్వాత బాబూ, ముందు ఇందులో మీ పిల్లిని తీసుకురండి!"