ట్రేలో మిగిలిన డబ్బా

చుట్టూ నేతపేటలున్న ఒక చిన్న పట్నంలో, కంటి ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో సలోమి అనే సిస్టరు ఉండేది. పనిలో చెయ్యి తిరిగిన మనిషే గానీ, తన చేతిలోనూ పొరపాటు జరగొచ్చంటే మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మాట రాలేదు" అని రోజుకొకసారైనా అనేది. కొత్తగా చేరిన నర్సు దూది ఉండ కింద పడేసినా ఆ పూటంతా క్లాసు పీకేది. డాక్టర్ పురుషోత్తంగారికీ ఆమె మీద అంతే గురి. "సలోమి ఇచ్చిందంటే నేను చూడక్కర్లేదు" అనేవారు. ఆ మాట వింటే చాలు, సలోమికి ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

ఆ థియేటర్లో ఒక నియమం ఉండేది. శుక్లం తీసేశాక కంట్లో పెట్టే లెన్సు అందరికీ ఒకటే ఉండదు, ఎవరి పవరు వాళ్లదే. అందుకని డబ్బా విప్పే ముందు దాని మీదున్న పేషెంటు పేరూ, లెన్సు పవరూ పైకి చదవాలి. డాక్టరు విని "సరే" అన్నాకే విప్పాలి. సలోమి చదివేది కాదు. పొద్దున్నే ఆపరేషన్ల వరుస చూసుకుని డబ్బాలన్నీ తనే ట్రేలో పేర్చేది. "నేను పేర్చినవి మళ్లీ నేనే చదవాలా, బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు!" అని నవ్వేసేది.

ఒక మంగళవారం, వరుసలో చివరి నుంచి రెండో మనిషికి బీపీ ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేసి ఇంటికి పంపేశారు. ఆఖరున ఉన్న చౌడమ్మ అనే పెద్దావిడను ముందుకు తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. మనుషుల వరుస మారింది గానీ ట్రేలో డబ్బాల వరుస మారలేదు. సలోమి అలవాటు కొద్దీ తర్వాతి డబ్బా విప్పి ఇచ్చింది. డాక్టరుగారు అలవాటు కొద్దీ అడక్కుండానే అందుకుని కంట్లో పెట్టేశారు.

మధ్యాహ్నం ట్రే సర్దుతుంటే ఒక డబ్బా మిగిలింది. ఇంటికి పంపేసిన మనిషిది అయ్యుంటుందనుకుంటూ సలోమి దాన్ని తిప్పి చూసింది. దాని మీద చౌడమ్మ పేరుంది. 

డబ్బా పట్టుకుని డాక్టరుగారి గదికి పరిగెత్తింది. అక్కడే మేనేజరు భాస్కరం కూడా ఉన్నాడు. సంగతి విని డాక్టరుగారి ముఖం పాలిపోయింది. "రేపే పిలిచి చెప్పేద్దాం. నెలలోపు అయితే లెన్సు మార్చొచ్చు. ఆలస్యమైతే లోపల అతుక్కుపోతుంది, తియ్యడం కష్టం" అన్నారు.

భాస్కరం లేచి తలుపు మూశాడు. "చెప్పి ఏం బావుకుంటామండీ? చూపేం పోదుగా, కాస్త మసక. మందపాటి కళ్లద్దాలు రాసిస్తే సరి. ఇది బయటికి పొక్కితే రేపు మన గడప ఎవరు తొక్కుతారు? అయినా సలోమిగారి పేరేం కావాలి?"

డాక్టరుగారు తల వంచుకుని బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దారు. భాస్కరం అన్న ఆ ఆఖరి మాట సలోమికి ఎంత ఊరటగా ఉందో చెప్పలేం. డబ్బాను తన అల్మారాలో పెట్టి తాళం వేసింది. అక్కడితో తప్పుకు కూడా తాళం పడిందనుకుంది.

పది రోజులకు చౌడమ్మ పరీక్షకు వచ్చింది. ఆమెది అచ్చు అతికే పని. మగ్గం మీద అయిపోవచ్చిన నిలువు దారాల పడుగుకు కొత్త పడుగును, పోగుకు పోగు వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఒక్కో అచ్చుకు వేల పోగులుంటాయి. కన్ను చురుగ్గా లేకపోతే ఆ పని సాగదు.

"పోగు ఆనడంలేదు సిస్టరమ్మా. రెండు పోగులు కలిసిపోయి ఒకటే కనపడతన్నాయి" అంది చౌడమ్మ.

సలోమి నోటికి అలవాటైన ప్రశ్నే వచ్చింది. "చుక్కలు సరిగ్గా వేసుకున్నారా?"

చౌడమ్మ ముఖం చిన్నబోయింది. "రెండు రోజులు ఆలస్యమైంది తల్లీ. ఒకసారి పొయ్యి పొగ కూడా తగిలింది. మా కోడలు అననే అంది, అంతా నీ నిర్లక్ష్యమేనని. డాక్టరుగారు చక్కగా చేసి పంపితే నేనే పాడుచేసుకున్నా. రెండో కన్ను ఇంక చేయించుకోనమ్మా. దాన్ని కూడా చేతులారా పోగొట్టుకుంటానేమోనని భయంగా ఉంది. అచ్చు అతకడానికి వేరే మనిషిని చూసుకోమని చెప్పేశా." కన్ను తుడుచుకోబోయి, చెయ్యి తగలకూడదన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది.

సలోమి ఆమె ముఖం వంక చూసింది. తను ఇరవై రెండేళ్లుగా పడని మాటను ఈ మనిషి పది రోజులుగా పడుతోంది, అదీ తన బదులు. రెండో కంట్లోనూ శుక్లం ముదురుతోంది. ఈ భయంతో ఆపరేషన్ మానేస్తే ఆ కన్నూ పోతుంది. సలోమి ఇంక ఆగలేదు. గబగబా వెళ్లి అల్మారా తాళం తీసింది.

వరండాలో భాస్కరం అడ్డం వచ్చాడు. "ఆ డబ్బా ఎక్కడికి?"

"దాని మనిషి దగ్గరికి."

"ఉద్యోగం సంగతి కాస్త ఆలోచించుకోండి."

"పది రోజుల్నించీ అదొక్కటే ఆలోచించానండీ. ఆవిడ కన్ను సంగతే ఆలోచించలేదు" అని సలోమి అతన్ని దాటుకుని డాక్టరుగారి తలుపు తోసింది. "ఇప్పుడే చెప్పేస్తున్నాను సార్. మీరొస్తారా, నన్నొక్కదాన్నే చెప్పమంటారా?"

డాక్టరుగారు ఒక్క క్షణం ఆమె చేతిలో డబ్బా వంక చూశారు. "పద" అని లేచారు.

సలోమి బెంచీ మీద చౌడమ్మ పక్కన కూర్చుని డబ్బాను ఆమె చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, మీరేమీ పాడుచేసుకోలేదు. మీ కంట్లో పెట్టాల్సిన లెన్సు ఇదీ. వేరేవాళ్లది పెట్టాం. డబ్బా మీద పేరు చదవాల్సింది నేను, చదవలేదు. ఆ మధ్యాహ్నమే తెలిసింది, దాచేశాను. ఇందాక కూడా తప్పు మీ మీదికే నెట్టాను."

"అడగాల్సింది నేను, నేనూ అడగలేదు. ఇంకా గడువుంది, మార్చేస్తాను. మా మీద నమ్మకం లేదంటే వేరే ఆసుపత్రికి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను" అన్నారు డాక్టరుగారు.

చౌడమ్మ డబ్బాను వేళ్లతో తడిమి చూసింది. తర్వాత ఆమె గొంతు లేచింది. "అతికేటప్పుడు పోగు తప్పితే అక్కడికక్కడే చెప్తాం మేము. చెప్పకుండా పోతే నేసేవాడు ఏడవాల. మీకు ఆ మాత్రం తెలీదా? పొరపాటైందంటే సర్దుకునేదాన్నేమో! పది రోజులు నన్ను నేనే తిట్టుకున్నా గదమ్మా. దానికేం చెప్తారు?"

"ఆ తిట్లన్నీ నాకు రావాల్సినవి పెద్దమ్మా." సలోమి చూపు తిప్పుకోలేదు. "మీ ఇంటికొచ్చి మీ కోడలితో కూడా నేనే చెప్తాను."

"రా. ముందు ఆ పని చెయ్యి. ఆపరేషన్ సంగతి తర్వాత" అంది చౌడమ్మ.

ఆ సాయంత్రమే సలోమి వాళ్లింటికి వెళ్లింది. మగ్గం ఆపి చూస్తున్న కోడలి ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కోడలు నాలుగు తిట్టింది. సలోమి నాలుగూ విని, ఆపరేషన్‌కు మంచి రోజు వాళ్లనే చెప్పమని అడిగి వచ్చింది.

ఆ వారంలోనే చౌడమ్మ మళ్లీ బల్ల ఎక్కింది. సలోమి డబ్బా చేతిలోకి తీసుకుని చదివింది. "చౌడమ్మ. కుడి కన్ను. పవరు ఇరవై రెండున్నర."

"సరే" అన్నారు డాక్టరుగారు.

ముఖం మీది గుడ్డ కిందనుంచి చౌడమ్మ అంది. "నాకు సరిగ్గా వినపళ్లేదు. ఇంకోసారి చదువు."

సలోమి వరండాలోకి వినపడేంత గట్టిగా చదివింది.

"ఆఁ, ఇప్పుడు పెట్టండి" అంది చౌడమ్మ.

సలోమికి మెమో వచ్చింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిది. మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ఆసుపత్రికి ఇంక ఎవరూ రారని భాస్కరం దిగులుపడుతుండగానే, రెండు నెలలకు చౌడమ్మ రెండో కన్ను చేయించుకోవడానికి వచ్చింది. వస్తూ తన వీధిలోని ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. "వీళ్లు తప్పు చేస్తే మన ముఖాన చెప్తారులే, భయపడబాకండి" అని వాళ్లకు ధైర్యం చెబుతోంది. ఆమె వేలి కొసలకు పోగుల రంగు అంటుకుని ఉంది. అచ్చు అతకడం మళ్లీ మొదలుపెట్టిందని సలోమికి అడక్కుండానే తెలిసింది.

చేసిన తప్పును దాచిపెడితే అది మాయమైపోదు, ఏ తప్పూ చేయనివాళ్ల నెత్తినెక్కి కూర్చుంటుంది. కాబట్టి మన వల్ల ఎవరికి నష్టం జరిగిందో వాళ్లకే, సరిదిద్దే గడువు దాటకముందే, మన నోటితో మనమే చెప్పాలి.