సేనాపతి రథంలో చప్పుడు

కొండలెక్కువ, దారులు తక్కువ ఉన్న ఓ రాజ్యంలో మల్లాచారి అనే పడుచు వడ్రంగి ఉండేవాడు. బురదలో వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా గడియ వేసుకునే రథం చేసి సేనాపతి భేరుండ నాయకుడికిచ్చాడు. తెల్లారితే పొన్నారితో మల్లాచారి పెళ్లనగా సేనాపతి మండిపడుతూ వచ్చాడు.

"ఏరా, గడియ వదులైంది. కుదుపు కుదుపుకీ టంగుమంటోంది. ఆ చప్పుడు ఆగకపోతే రేపటికి నువ్వు ఈ రాజ్యంలో ఉండవు."

మల్లాచారి చక్రాలు ఎత్తి ఊపి చూశాడు. గడియ పిసరంతైనా కదల్లేదు. మనసులో పొన్నారి నవ్వింది, అతనికి ధైర్యమొచ్చింది.

"పైన కూర్చుంటే తెలీదు దొరా. నేను తోలతాను, తమరు వెనకే నడుస్తూ వినండి."

రథం కదిలింది. "అదిగో, టంగుమంది" అన్నాడు సేనాపతి.

మల్లాచారి గుర్రాల్ని ఆపేశాడు. "ఇలా ముందుకొచ్చి చెప్పండి దొరా."

సేనాపతి వచ్చాడు. ఆగిన రథం పక్కన అడుగడుగునా టంగు, టంగు. తలొంచి చూసుకున్నాడు. వయసులో ఉండగా రాజుగారు తొడిగిన గండపెండేరం, ఇప్పుడు చిక్కిపోయిన కాలికి జారి, చెప్పు మీది ఇత్తడి బిళ్లకు కొట్టుకుంటోంది.

"గడియైతే నేను బిగిస్తాను దొరా," అన్నాడు మల్లాచారి చేతులు కట్టుకుని. "ఇది వంటవాళ్లు బిగించాల్సింది."

సేనాపతి తన కాలివంక చూసి పకపకా నవ్వాడు.

"అయితే రేపు నీ పెళ్లిలో రెండు విస్తళ్లు వేయించు. ఒకటి నాకు, ఒకటి ఈ కాలికి."